చిన్న ఇంజన్ మీద పెట్టిన నెపం

శనివారం పొద్దున రోవేనా ఒక చేత్తో ఓట్స్ జావ కలుపుతూ, రెండో చేత్తో ఫోన్‌లో మోటార్‌హోమ్‌ల, అంటే పడకా పొయ్యీ ఉండే బండ్ల, ప్రకటనలు చూస్తోంది. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఆమెకి ఇదే పని. తాముండే ఫాకతానె చుట్టుపక్కల అమ్మకానికున్న పాత బండ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. వాళ్ల నాన్న మోటారు షెడ్డులో పెరిగిన పిల్ల కావడంతో ఏ బండైనా ముందు ఇంజన్ చూస్తుంది, తర్వాతే కర్టెన్లు.

ఈ హడావిడంతా అత్తగారు పరెహుయా కోసం. ఆవిడ అక్క హుహానా దక్షిణాన, దేశం చిట్టచివరన ఉన్న బ్లఫ్‌లో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, ఈ మధ్య మంచం దిగడం లేదు. పరెహుయాని విమానం ఎక్కొద్దన్నాడు డాక్టరు. కారులో కాసేపు కూర్చుంటే చాలు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. అక్కాచెల్లెళ్లు బతికుండగా ఒకర్నొకరు చూసుకోవాలంటే, నడుం వాల్చుకుంటూ వెళ్లే బండి ఒక్కటే దారి. వేసవి సెలవుల్లో తానే నడిపి తీసుకెళ్తానని రోవేనా మాటిచ్చింది.

"ఓపొతికిలో ఒకటుంది. చిన్న డీజిల్ ఇంజన్, తాగేది తక్కువ. బండి పొట్టిది, మధ్యలో సముద్రం దాటించే ఓడ మీద చార్జీ కూడా తగ్గుతుంది" అంది.

"నన్నూ ఇలాగే వెతికి వెతికి ఏరుకున్నావా?" అన్నాడు భర్త ఇహాయా, బూట్లు తొడుక్కుంటూ.

"నిన్ను తొందరపడి తీసేసుకున్నాను. అందుకే ఇప్పుడీ జాగ్రత్త."

పరెహుయా పకపకా నవ్వింది. కొడుకుని ఎవరు ఆట పట్టించినా ఆవిడకి సంతోషమే.

ఒక్క విషయంలో మాత్రం రోవేనా మరీ పట్టుదలగా ఉంది. చాలా బండ్లలో పొయ్యి పక్కనే పాయిఖానా ఉంటుంది. తిండికి సంబంధించినవీ ఒంటికి సంబంధించినవీ ఒకచోట కలపడం అత్తగారి వాళ్లలాంటి మావోరి ఇళ్లలో ఒప్పుకోరు. రోవేనా తెల్లవాళ్ల పిల్లే అయినా, ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్లయ్యేసరికి ఆ పట్టింపులన్నీ తనవే అయిపోయాయి. ఓపొతికి బండిలో పాయిఖానా వెనక మూలన, విడిగా తలుపుతో ఉంది. అది చూసే ఆమె మనసు పారేసుకుంది.

ముగ్గురూ వెళ్లారు. తాము వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని రోవేనా ముందే ఫోన్ చేసి చెప్పింది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూస్తే చల్లగానే ఉంది. అమ్మేవాళ్లు మాట మీద నిలబడే మనుషులేనని సగం ధైర్యం వచ్చింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది, పొగ లేదు. తుప్పు కోసం కిందికి దూరి చూసింది, చెమ్మ కోసం కిటికీల చుట్టూ గోడలు నొక్కి చూసింది. ఊరి వెనక కొండెక్కించింది కూడా. బండి కాస్త గునిసినా ఎక్కడా ఆగలేదు.

తిరిగొచ్చాక ఇహాయా, బండి అమ్మే ఆయనా బానెట్ తెరిచి కబుర్లలో పడ్డారు. ఆయన భార్య బెరిల్ అత్తాకోడళ్లని బండిలోకి తీసుకెళ్లింది. భోజనాల బల్ల కాలు మడిచి, పలకని కిందికి దించి, పైన పరుపులు సర్దింది.

"పగలు బల్ల, రాత్రి మంచం. కూర్చుని చూడండమ్మా, ఎంత మెత్తగా ఉంటుందో" అంది పరెహుయాతో.

పరెహుయా కూర్చోలేదు. ఆ మోకాళ్లతోనే, తలుపు అంచు పట్టుకుని నిలబడింది. "బండిని ముచ్చటగా పెట్టుకున్నారమ్మా" అంది మర్యాదగా.

ఇంటిదారిలో పరెహుయా కారు సీట్లో మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది. "ఇంజన్ మరీ చిన్నదేమో, అమ్మాయ్" అంది చివరికి.

"కొండెక్కింది కదా, అత్తయ్యా."

"దక్షిణాన కొండలు పెద్దవి."

వారమంతా ఇదే పాట. రోవేనా బరువుల లెక్కలు చెప్పింది, గేర్ల గురించి చెప్పింది. ఇహాయా తల్లి మాట పట్టుకుని పెద్ద ఇంజన్ల కోసం వెతికితే అవన్నీ లారీలంత ఉన్నాయి, వాళ్ల స్తోమతకి అందనివి. ఇంతలో శుక్రవారం బెరిల్ ఫోన్ చేసింది. ఇంకెవరో అడుగుతున్నారట, ఆదివారం సాయంత్రానికి ఏ సంగతో చెప్పమంది.

ఆదివారం మధ్యాహ్నం రోవేనా వంటింట్లోకి వచ్చింది. పరెహుయా కుమరా అనే చిలగడదుంపల చెక్కు తీస్తోంది.

"ఏం చెప్పమంటారు అత్తయ్యా వాళ్లకి?"

"వద్దని చెప్పు. అక్కతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాగా."

"ఏ కొండ ఎక్కదో ఒక్క కొండ పేరు చెప్పండి. చెబితే నోరు మూసుకుంటాను."

"నాకు కొండల పేర్లేం తెలుసు?"

"మరి ఇంజన్ల సంగతి తెలుసా?" రోవేనా గొంతు పెరిగింది. "నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదనండి. నాతో అన్ని రోజులు ఒక్క బండిలో ఉండలేననండి. ఆ మాటైనా పడతాను. అంతేగానీ పాపం ఆ ఇంజన్‌ని ఆడిపోసుకోకండి."

పరెహుయా చేతిలో కత్తి ఆగింది. ఆవిడ మళ్లీ ఇంకో గడ్డ అందుకుంది. తిట్టినా రోవేనాకి అంతగా తగిలేది కాదు.

కూతురు కిరి ఈ గొడవ విని వచ్చింది. "నాయనమ్మ మీద అరుస్తావేంటమ్మా?" అంటూ బల్ల మీదికెక్కి కూర్చుంది.

"తినే బల్ల మీద కూర్చుంటావేంటే? దిగు ముందు" అంది రోవేనా అలవాటుగా.

కిరి దిగింది. రోవేనా మాత్రం తానన్న మాట దగ్గరే ఆగిపోయింది. బెరిల్ మడిచిన బల్ల కాలు, దాని మీద సర్దిన పరుపులు కళ్లముందుకొచ్చాయి. కూర్చోకుండా నిలబడ్డ మనిషి కూడా.

"అత్తయ్యా... ఆ బల్లేనా?"

పరెహుయా తల దించుకుంది. "పొద్దున రొట్టె తిన్న చోట రాత్రి ఒళ్లు వాల్చాలంటే నావల్ల కాదమ్మా. నా చాదస్తం."

"మరి ఆ మాట చెప్పచ్చుగా. బెరిల్ దగ్గర కాకపోతే కారులో."

"పాయిఖానా దూరంగా ఉందని ఎంత మురిసిపోయావో చూశాను. నాకోసం నేల మీద పడుకుని మరీ చూశావు. ఇంత చేశాక ఇందులో ఇంకో తప్పుందని ఏ నోటితో చెప్పను?"

"వేరే చెక్క కోయించి శాశ్వతంగా మంచం చేసేస్తాం. బల్ల పీకి బండి పక్కకి లాగే పందిరి కింద వేసుకుంటాం. ఒక్క చెక్కముక్కతో పోయేదానికి మీ అక్కనే వదులుకుందామనుకున్నారా?"

"అక్క లేనిచోట ఉండడం ఎప్పుడో అలవాటైంది. నువ్వు చిన్నబోతే ఈ ఇంట్లో నాకు పొద్దుపోతుందా?"

రోవేనా కుర్చీలో కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్లుగా ఈవిడ కొడుకుని రోజూ తిడుతుంది, మనవరాలిని గదమాయిస్తుంది. తనని మాత్రం ఒక్కసారీ పల్లెత్తు మాట అనలేదు. దాన్ని అదృష్టమనుకుని అందరికీ గొప్పగా చెప్పుకుంది ఇన్నాళ్లూ.

"ఇహాయాని తిడతారు. దీన్ని తిడతారు. నన్నెందుకు తిట్టరు అత్తయ్యా? నేనింకా చుట్టాన్నేనా ఈ ఇంటికి?"

పరెహుయా కత్తి పక్కన పెట్టింది. మర్యాద చేస్తున్నాననుకుంది తను. ఆ మర్యాద పిల్లని ఇన్నేళ్లూ గడప దగ్గరే నిలబెట్టిందని ఆవిడకి ఇప్పటిదాకా తోచలేదు. తడి చేతులతోనే వచ్చి కోడలి తల గుండెకి హత్తుకుంది. కిరి చప్పుడు చేయకుండా ఫోన్ తీసుకుని, బండి మాకే కావాలని బెరిల్‌కి చెప్పడానికి వరండాలోకి వెళ్లింది.

రోవేనా వెక్కుతూ, చేతికందిన గుడ్డ లాక్కుని కళ్లు తుడుచుకుంది, ముక్కు కూడా తుడుచుకుంది.

పరెహుయా చటుక్కున ఆ గుడ్డ లాగేసుకుంది.

"బుద్ధుందా నీకు? గిన్నెలు తుడిచే గుడ్డతో ముక్కు తుడుచుకుంటావా? ఇన్నేళ్లొచ్చాయి, ఎవరు నేర్పారే నీకు?"

రోవేనా తలెత్తి చూసింది. కళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు.

"మీరే అత్తయ్యా. ఇంకా తిట్టండి."