పెన్నేరు పాలు

నాచారంలోని ఆ ఇంట్లో పొద్దు పొడిచేది సుబ్బులు పాలగ్లాసుతోనే. కోడలు హరిచందన ఆఫీసుకు బయలుదేరేలోపు అది ఖాళీ కావాల్సిందే.

"తాగమ్మా, పుల్లలా అయిపోయావు."

"గుండె దడదడ కొట్టుకుంటుందత్తమ్మా. చేతులు సూడుండ్రి, ఎట్ల వణుకుతున్నయో!"

నీరసమనుకుంది సుబ్బులు. నీరసానికి తెనాలిలో వాళ్లమ్మ చేసిందే తనూ చేస్తోంది, పాలల్లో చెంచాడు పెన్నేరు గడ్డ పొడి. రెండు నెలల క్రితం నిద్ర పట్టక ఏడ్చిన పిల్ల ఈ పాలు మొదలుపెట్టాకే కంటినిండా పడుకుంది. ఆ గర్వం సుబ్బులుకి కొండంత.

కోడలు థైరాయిడ్ మాత్రలు వేసుకుంటోంది; నిన్న ఉప్పల్‌లో డాక్టరు ఆమె రిపోర్టు చూసి నొసలు చిట్లించాడు. "అశ్వగంధ గిట్ల వాడుతున్నరా?" అన్నాడు. హరిచందన లేదంది. సుబ్బులు ఇంకో మెట్టెక్కి, "అలాంటివి మా ఇంట్లో ఎవరూ ముట్టరండీ!" అంది.

ఇవాళ పొడి నిండుకుంది. కోడలు వెళ్లగానే సుబ్బులు ఉప్పల్ మూలికల దుకాణానికి పోయి పెన్నేరు అడిగింది. ముసలి కొమురెల్లి తీసిచ్చిన పొట్లం మీద 'అశ్వగంధ' అని ఉంది.

"ఇది కాదయ్యా, నాకు పెన్నేరు కావాలి."

"రెండూ ఒక్కటే గదమ్మా, పేర్లే రెండు! ఎవరికి? థైరాయిడ్ గోలీలు ఏసుకునేటోళ్లకైతే డాక్టర్నడగకుండ ఇయ్యకు తల్లీ. మంచి మందే, గని అందరికీ పడదు."

నిన్న డాక్టరు అడిగింది దీన్నే అని సుబ్బులుకి అప్పుడు తెలిసింది. పొట్లం అక్కడే వదిలేసి, కొమురెల్లికి చేతులెత్తి దణ్ణం పెట్టి ఆటో ఎక్కింది. దారిలోనే కోడలికి ఫోన్ చేసి అంతా చెప్పేసింది.

సాయంత్రం కొడుకు పవన్‌కుమార్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "డాక్టరు మొహం మీదే అడిగితే లేదన్నావే! దాని ప్రాణం మీదికి తెచ్చావు కదమ్మా!"

"నిజమేరా. ఇక ఆ వంటింట్లో అడుగుపెట్టను," అంది సుబ్బులు చెంగుతో కళ్లొత్తుకుంటూ.

"జర ఆగుండ్రి!" హరిచందన మొగుడికి అడ్డొచ్చింది. "డాక్టర్‌తోని మాట్లాడిన. పొడి బంద్ జెయ్యమన్నడు, మళ్ల టెస్టు జేపియ్యమన్నడు. పెన్నేరంటే గదే అని నాకు మాత్రం తెల్సా? నిద్ర రాక ఏడిస్తే నా పక్కన కూసున్నది అత్తమ్మే. తప్పు తెల్వంగనే దాచకుండ చెప్పింది గూడ అత్తమ్మే. గంతకన్న ఏం గావాలె?"

సుబ్బులు కోడలి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత మంచి పిల్లనిచ్చిన దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే అనుకుంది.

కొన్ని వారాలకు దడ తగ్గింది, కొత్త రిపోర్టూ బాగానే వచ్చింది. మర్నాడు పొద్దున సుబ్బులు పాలగ్లాసు జంకుతూ అందించింది. హరిచందన గటగటా తాగేసింది.

"ఏం కలిపానో అడగవేమే?"

"ఎందుకడుగుత? మీరే జెప్తరు గద!"

సుబ్బులు కళ్లు తుడుచుకుని నవ్వింది.

"పాలే తల్లీ. ఒట్టి పాలు."