సుందరాబాయి పొయ్యి

ఆ ఉదయం కూడా సుందరాబాయి అందరికంటే ముందే లేచి, తన మట్టిపొయ్యి అలికి, ముగ్గు పెట్టి, దండం పెట్టుకుంది. పక్కనే ఉన్న పొగరాని పొయ్యిలో ఉల్లిగడ్డలు దాచుకుంది.

ఆ కొత్త పొయ్యి విదేశీ డబ్బుతో వచ్చింది. డెబ్బై రెండో సంవత్సరం నాటి కరువును ఇంకా మరిచిపోని నాందేడ్ జిల్లా బిలోలి మెట్ట ఊళ్లలో వంటచెరకు కోసం చెట్లు కొట్టడం తగ్గాలని, ఏదో దూరదేశపు సంస్థ ఇంటింటికీ కట్టించింది. సుందరాబాయి కొడుకు మారోతి ఆ పథకంలో తాత్కాలిక ఉద్యోగి. ఊరంతా దానిమీదే వండుతోందని నాందేడ్ ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నాడు. ఇవాళ ఆ సంస్థ మేడం చూడటానికి వస్తోంది, అదీ మొదట వీళ్లింటికే. ఆమె మెచ్చితే ఉద్యోగం పర్మనెంటు.

"అవ్వా, ఈ పాత పొయ్యి తీసెయ్యాలె," అన్నాడు మారోతి గడ్డపార పట్టుకుని.

"దాని జోలికి పోకు. కొత్తదాని మీద రొట్టె మంచిగ కాలదని ఎన్నిసార్లు చెప్పిన?"

"నీకు చాతగాదు గని దానికేం రోగం? ఆమె అచ్చి రెండు పొయ్యిలు చూస్తే నా నౌకరి పోతది."

"మీ నాయిన సచ్చిన నాడు సుత దాన్ని ఎవ్వలు ముట్టలే కొడుకా. నా చేత్తోని పెట్టుకున్న పొయ్యి."

మారోతి వినలేదు. రెండు దెబ్బలకే పొయ్యి కూలిపోయింది. సుందరాబాయి మట్టిపెళ్లలు కొంగులోకి ఎత్తుకుని పెరట్లో పోసి వచ్చింది. ఈలోగా మారోతి కొత్త పొయ్యిలోని ఉల్లిగడ్డలు ఏరి పక్కకు పెట్టాడు.

పొద్దెక్కాక జీపు వచ్చింది. కొత్త పొయ్యి బాగుందా అని మేడం అడిగితే, వెంట వచ్చిన సాహెబు ఆ మాటే మరాఠీలో సుందరాబాయిని అడిగాడు. మారోతి భయంగా తల్లివైపు చూశాడు. అవ్వ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

"చాంగ్లీ ఆహే సాహెబ్," అంది సుందరాబాయి. బాగుందనీ, ఏడాదిగా దీనిమీదే వండుతున్నాననీ చెప్పింది. మేడం సంతోషంతో ఆమె చేతులు పట్టుకుంది. ఆ చేతులకు ఇంకా పొయ్యిమట్టి ఉంది. మారోతి తలెత్తలేకపోయాడు. నౌకరీ దక్కిందన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు.

సాయంత్రం అతను పుట్టమట్టి తెచ్చి పిసకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది తల్లి.

"తప్పయింది అవ్వా. నీ పొయ్యి మళ్ల పెడ్దామని."

"వద్దు కొడుకా. దీనిమీదనే వండుతున్ననని చెప్తే ఆమె నమ్మి నా చేతులు పట్టుకున్నది. ఇగ వండకుంటే ఎట్ల?"

ఆమె కొత్త పొయ్యి వెలిగించి, జొన్నపిండి ముద్దను రెండుగా తుంచింది.

"గింత చిన్న రొట్టెలేందే?"

"దీని మంట పెనం నడుమనే తాకుతది. పెద్దగ చేస్తే అంచులు పచ్చిగుంటయి. ఇయ్యాల్టి నుంచి చిన్నగనే చేస్త."

మారోతి మట్టిచేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తల్లి కొంగుతో అతని మొహం తుడిచి, పళ్లెం ముందుకు జరిపింది.

"చేతులు కడుక్కోపో. సల్లగైతే గట్టిగైతయి, వేడిగ తిను."