సగం ఉగ్గు, సగం ప్యాకెట్

"చొక్కాలో ఏం దాచారండీ?"

మెట్లు దిగుతున్న ఉదయ్‌భాస్కర్ కాలు తడబడింది. తిరిగి చూశాడు. నాలుగు మెట్లు పైన ఫణిశ్రీ నిలబడి ఉంది. డాబా మీద ఆరిన బట్టలన్నీ భుజాన వేసుకుని, వాటి మధ్యలోంచి అతన్నే చూస్తోంది.

ఉదయ్‌భాస్కర్ కొవ్వూరులో జూనియర్ లెక్చరర్, ఫిజిక్సు చెబుతాడు. అతని అక్క శ్రీదుర్గ అత్తవారిల్లు రాజమండ్రిలో, ఈ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. కాలేజీ అవగానే వచ్చి, ఎనిమిది నెలల మేనల్లుణ్ణి కాసేపు ఆడించి వెళ్ళడం అతని అలవాటు. ఫణిశ్రీ శ్రీదుర్గకు ఆడపడుచు. హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదివి ఈమధ్యే ఇల్లు చేరింది. అక్క పెళ్ళిలో దూరం నుంచి చూసిన ముఖమే. ఇంత దగ్గరగా, ఇంత అనుమానంగా తనను చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఏం లేదండి" అన్నాడు.

"గలగలమంటోంది కదండీ."

చొక్కా లోపల ఉన్నది ఒక ఖాళీ ప్యాకెట్. పసిపిల్లల కోసం బజార్లో దొరికే తయారు పిండి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పెట్టేది. ఆ మాట బయటపెడితే అక్క పరువు పోతుంది. ఏం చెప్పాలా అని వెతుక్కుంటుంటే, ఆత్రేయపురం చుట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టిన పెట్టె గుర్తొచ్చింది.

"పూతరేకులండి" అన్నాడు.

ఫణిశ్రీ బట్టలు ఇంకో భుజానికి మార్చుకుంది. తర్వాత జాలిగా అంది. "అడిగితే పెట్టమా?"

మర్నాడు అతను వచ్చి కూర్చోగానే, అందరూ చూస్తుండగా పళ్ళెం నిండా పూతరేకులు తెచ్చి ముందు పెట్టింది. మొహమాటపడొద్దనీ, ఇక్కడే తినేయమనీ చెప్పింది. ఉదయ్‌భాస్కర్ తలవంచుకుని అన్నీ తిన్నాడు. అక్క అయోమయంగా చూసింది. అతను అక్క వైపు చూడలేదు.

*

శ్రీదుర్గ రావులపాలెంలో బ్యాంకు ఉద్యోగి. కాన్పు సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని రాదు. భర్త శశిభూషణ్ విశాఖలో పనిచేస్తూ శనివారాలు వస్తాడు. పిల్లవాడి ఆలనాపాలనా పగలంతా నానమ్మ బాలాత్రిపురసుందరి గారిదే.

ఆవిడ మడి కట్టుకుని, బియ్యమూ పెసరపప్పూ దోరగా వేయించి, విసిరి, నెయ్యి వేసి ఉగ్గు వండేవారు. ఆ కమ్మదనం వీధి దాకా తెలిసేది. పిల్లవాడు మాత్రం రెండు ముద్దలకే ఉమ్మేసేవాడు. తల్లి పెట్టినా అంతే. నెల తిరిగేసరికి బరువు తగ్గాడు. దిక్కుతోచక శ్రీదుర్గ ఒకరోజు ప్యాకెట్ పిండి కలిపి పెడితే, గిన్నె ఖాళీ చేసి నవ్వాడు. అప్పటినుంచి పొద్దునా సాయంత్రమూ గది తలుపేసుకుని అదే పెడుతోంది.

తలుపు వేసుకోవడానికి కారణం ఉంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రెండో అంతస్తు ఆవిడ ఒక ఫొటో పెట్టింది. చెత్తబుట్టలో ఖాళీ ప్యాకెట్. కింద నాలుగు మాటలు: "ఎవరింటి పసివాడికో అమ్మ చేతి ముద్ద కరువైంది. తల్లులు ఆలోచించుకోవాలి." దానికి చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. ఆ రోజు నుంచి ఖాళీ ప్యాకెట్లు ఆ చెత్తబుట్టకు వెళ్ళలేదు. తమ్ముడి చొక్కాలో దూరి, బండెక్కి, గోదావరి దాటి కొవ్వూరు వెళ్ళాయి.

ఇంట్లో మరో చిక్కు వచ్చిపడింది. మనవడు తన ఉగ్గు తినకపోవడం తల్లి మీద బెంగేనని బాలాత్రిపురసుందరి గారి నమ్మకం. ఇంట్లో నరసింహస్వామి పూజ జరిగే స్వాతి నక్షత్రం రోజు దాకా చూస్తాననీ, అప్పటికీ తినకపోతే కోడలు సెలవు పెట్టి ఇంట్లో ఉండాలనీ తేల్చేశారు. అంత పొడుగు సెలవు బ్యాంకులో దొరకదు. అంటే ఉద్యోగం మానుకోమనే.

*

ఒక సాయంత్రం వాన ఉన్నట్టుండి దిగింది. ఉదయ్‌భాస్కర్ గొడుగు లేకుండా వెళ్ళాడని, ఫణిశ్రీ గొడుగు పట్టుకుని కిందికి పరుగెత్తింది. పార్కింగులో అతను బండి సీటెత్తి, చొక్కాలోంచి ప్యాకెట్ తీసి మడతపెడుతున్నాడు. సీటు కింద అలాంటివి ఇంకా ఉన్నాయి. పూతరేకుల పొడి కూడా లేదు.

ఆమె గొడుగు తెరవడం మరిచిపోయింది. అతను ఇక దాచలేక మొత్తం చెప్పాడు. అక్క పేరు బయటికి రానివ్వొద్దని బతిమాలాడు.

"అంటే ఆ రోజు పూతరేకులు..."

"నాకసలు తీపి పడదండి."

"మరి పళ్ళెం ఖాళీ చేశారు?"

"మీరు పెట్టారు కదండీ."

ఫణిశ్రీకి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. గ్రూపులో ఆ ఫొటోకు చప్పట్లు కొట్టినవాళ్ళలో తానూ ఉంది. హాస్టల్లో మంచం మీద పడుకుని, ఎవరో తెలియని తల్లి మీద తీర్పు చెప్పి, ఫోను పక్కన పెట్టి నిద్రపోయింది. ఆ తల్లి తన వదినే. వదిన ఆ చప్పట్లు చూసే ఉంటుంది. చూసి కూడా, తను ఇంటికి రాగానే తలకు నూనె పెట్టి జడ వేసింది.

బయట వాన జోరుగా కురుస్తోంది. ఫణిశ్రీ ఒక ఖాళీ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"అమ్మ చేసిన ఉగ్గుపిండిలో ఇది సగం కలిపితే?" అంది చివరికి.

"మోసం కదండీ అది."

"రోజూ చొక్కాలో మోసుకెళ్తున్నది ఏంటి మరి?"

ఫిజిక్సు మాస్టారు బండి సీటు దించి తాళం వేశాడు.

*

ఉగ్గుపిండి డబ్బా మడి అరలో ఉంటుంది. తలస్నానం చేసి, దండెం మీద విడిగా ఆరేసిన మడిబట్ట కట్టుకుంటే తప్ప తాకడానికి వీల్లేదు. ఎనిమిదింటికి గాని లేవని ఫణిశ్రీ తెల్లవారకముందే స్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకుని వంటింట్లోకి వచ్చి, ఆ డబ్బాలో ప్యాకెట్ పిండి కలపడం మొదలుపెట్టింది. పిల్లకు ఆచారం అబ్బిందని తల్లి మురిసిపోయారు. తండ్రి సూర్యప్రకాశం గారు మాత్రం పత్రిక మీదుగా ఒకసారి కూతుర్ని చూసి, ఏమీ అనకుండా మళ్ళీ చదువుకున్నారు. అబద్ధం చెప్పడానికి కూడా అంత శుచిగా తయారైన మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండరు.

పిల్లవాడు తిన్నాడు. నానమ్మ చేతి ముద్ద కోసం నోరు తెరుచుకుని పాకుతూ వచ్చాడు. ఆవిడ ఆనందం పట్టలేక ఇరుగుపొరుగుకు చెప్పారు. నాలుగిళ్ళ తల్లులు వచ్చి కొలతలు అడిగి వెళ్ళారు. వాళ్ళలో రెండో అంతస్తు ఆవిడ కూడా ఉంది. అచ్చం అలాగే చేసినా తన కొడుకు ఊసేస్తున్నాడని ఆమె వాపోతే, చేతి వాసి అంటూ ఉంటుందమ్మా అని బాలాత్రిపురసుందరి గారు ఓదార్చారు. పక్కనే ఉన్న ఫణిశ్రీకి పొలమారింది.

కొత్త ప్యాకెట్లు తెచ్చివ్వడం ఉదయ్‌భాస్కర్ వంతు. మెట్ల మలుపులో అందించేవాడు. మొదట్లో అందించి వెళ్ళిపోయేవాడు. తర్వాత డి.ఎస్.సి. పరీక్షకు ఫిజిక్సులో ఆమెకు సందేహాలు వచ్చాయి. మలుపు దగ్గర నిలబడి కటకాల గురించి చెప్పేవాడు. చెబుతూ ఆమె కళ్ళలోకి చూస్తే సూత్రం మరిచిపోయేవాడు. ఆమె పుస్తకం చూడకుండా అందించేది.

"తెలిసే అడుగుతున్నారా?" అన్నాడొకసారి.

"మీకు తెలుసో లేదో చూద్దామని."

*

స్వాతి నక్షత్రం ముందురోజు బాలాత్రిపురసుందరి గారు ఒక మాట చెప్పారు. మనవడు తిండి తిన్నాడంటే అదంతా అంతర్వేది స్వామి దయ. కాబట్టి రేపు పూజలో ఆ ఉగ్గే వండి నరసింహస్వామికి నైవేద్యం పెడతారట.

ఫణిశ్రీ డాబా మీదికి వెళ్ళి నిలబడింది. కాసేపటికి ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. ఎక్కడి ఫ్యాక్టరీలోనో, ఎవరి చేత్తోనో తయారైన పిండిని, ఊరూపేరూ చెప్పకుండా అమ్మ చేత స్వామి ముందు పెట్టించడమా? అమ్మ జన్మలో క్షమించదు. నిజం చెబితే వదిన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అమ్మ నమ్మకం.

"నేనే కలిపానని చెప్తానండి" అన్నాడు అతను.

"మడి వంటింట్లోకి మీరెలా వస్తారు? అమ్మ నమ్మదు."

"అయినా చెప్తాను. మిమ్మల్ని ఎవరైనా మాటంటే నేను వినలేను."

"ఎందుకు వినలేరు?"

అతను గోదావరి వైపు చూశాడు. వంతెన మీద రైలు వెళ్తోంది. అది దాటిపోయేదాకా ఆగాడు.

"రోజూ ఈ ఇంటికి అక్క కోసం వస్తున్నాననుకునేవాణ్ణి. ఈమధ్య అక్క ఊళ్ళో లేని రోజు కూడా వచ్చాను, గమనించారా?"

"గమనించాను" అంది ఫణిశ్రీ. "ఆ రోజు నేను రెండుసార్లు జడ వేసుకున్నాను."

తుంపర వానైంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

*

తెల్లవారింది. పూజగదిలో దీపాలు వెలుగుతున్నాయి. సూర్యప్రకాశం గారు గంట అందుకున్నారు. బాలాత్రిపురసుందరి గారు ఉగ్గు గిన్నె తెచ్చి స్వామి పటం ముందు దించబోతున్నారు.

"అమ్మా, ఆగు. అది స్వామికి పెట్టకు" అంది ఫణిశ్రీ.

చీకటితోనే కొవ్వూరు నుంచి వచ్చి గుమ్మం బయట నిలబడి ఉన్న ఉదయ్‌భాస్కర్, ఆ పిండిలో బజారు ప్యాకెట్ కలిపింది తానేనన్నాడు. ఆయన కాదు, నేనే అంది ఫణిశ్రీ. ఆవిడ కాదు, తెచ్చింది నేను అన్నాడు అతను. కలపమంది నేను అంది ఆమె. బాలాత్రిపురసుందరి గారు గిన్నె చేత్తో పట్టుకుని ఇద్దర్నీ మార్చిమార్చి చూశారు. 

"స్వామికి పెట్టలేని తిండి నా మనవడికెలా పెట్టారర్రా?"

 బ్యాంకుకు తయారై వచ్చిన శ్రీదుర్గ గదిలోంచి ముందుకు నడిచింది. ఆ ఇంట్లో ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"మొదలుపెట్టింది నేనండీ అత్తయ్యగారూ. మీ చేతి ముద్ద వాడు తినలేదు, నా చేతి ముద్దా తినలేదు. ఆకలికి ఏడుస్తుంటే ఏది తింటే అది పెట్టాను. అందరూ అంటున్నట్టు బద్ధకానికి కాదు. మీ ఉగ్గు తిననందుకు మీకెంత బాధేసిందో, నాకూ అంతే వేసింది. నన్నేమన్నా పడతాను. వీళ్ళని అనకండి."

 ఉగ్గు వాసన పసిగట్టిన పిల్లవాడు ఎప్పుడు పాకుతూ వచ్చాడో, నానమ్మ మడిచీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నిలబడి, గిన్నె కోసం ఏడుపు అందుకున్నాడు. స్నానం చెయ్యని పిల్లవాడు తాకితే మడి పోయినట్టే. ఆవిడ కిందికి చూశారు. స్వామి వైపు చూశారు. భర్త వైపు చూశారు.

సూర్యప్రకాశం గారు గంట కింద పెట్టేశారు.

"స్వామి కాసేపు ఆగుతాడు సుందరీ. వాడు ఆగడు."

ఆవిడ అక్కడే కూలబడి మనవణ్ణి ఒళ్ళోకి లాక్కున్నారు. ముద్ద నోట్లో పెట్టారు. వాడు కళ్ళు మూసుకుని చప్పరించాడు. రెండో ముద్దకు ఆవిడ కళ్ళు తడిశాయి. అమ్మ చేతి ముద్ద గొప్పదే. కాని తినేవాడు నోరు తెరిస్తేనే కదా దాని గొప్పతనం. ఆ మాట ఆవిడ పైకి అనలేదు గాని, గిన్నె గీకి గీకి పెట్టిన తీరులో అందరికీ వినిపించింది.

"దుర్గా, నీ బస్సు వెళ్ళిపోతుంది. బయల్దేరు" అన్నారు తలెత్తకుండానే. "సాయంత్రం వచ్చేటప్పుడు ఆ ప్యాకెట్ ఇంకోటి పట్టుకురా. తలుపేసుకుని పెట్టక్కర్లేదు. కానీ సగం పిండి నాదే ఉండాలి, ముందే చెబుతున్నా."

శ్రీదుర్గ అత్తగారి పాదాలకు దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది.

రెండో అంతస్తు ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పాలనీ, పాపం ఆ పిల్లవాడూ ఏమీ తినడం లేదనీ బాలాత్రిపురసుందరి గారు తనలో తాను అనుకున్నట్టే అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"నా మడి పోయింది. నువ్వింకా మడిలోనే ఉన్నావుగా, పో. స్వామికి పరమాన్నం వండు. అందులో మాత్రం ఏమీ కలపకు."

ఫణిశ్రీ వంటింట్లోకి పారిపోయింది. ఉదయ్‌భాస్కర్ కూడా వెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"బాబూ, ఆగు" అన్నారావిడ.

ఆగాడు.

"ఆవిడ కాదు నేనన్నావు. ఆయన కాదు నేనంది. మా ఇంట్లో తప్పుల కోసం ఇలా పోట్లాడుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు." ఆవిడ మనవడి మూతి కొంగుతో తుడిచారు. "ఆదివారం మీ నాన్నగారు ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటారండి. ఎందుకండీ?"

సూర్యప్రకాశం గారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గులో నవ్వు దాక్కుని ఉంది. ఉదయ్‌భాస్కర్‌కు అప్పుడు అర్థమైంది. చెవులదాకా ఎర్రబడి, ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"ఫణీ" అని కేకేశారు బాలాత్రిపురసుందరి గారు. "అడుగంటుతోంది. పెళ్ళి మాటలు నెమ్మదిగా విందువుగాని, ముందు పరమాన్నం కలుపు."