మీ దగ్గర నడుస్తుంది, నా దగ్గర నడవదు

"మీ డాక్యుమెంట్ నడవట్లేదండీ."

కోడ్ రివ్యూ చేసే, అంటే ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతికే అబ్బాయి, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయితో మాట్లాడిన మొదటి మాట ఇది. టీ తాగారా అనో, సీటు కుదిరిందా అనో మొదలుపెట్టొచ్చు కదా! కొందరికి ఆ యోగం ఉండదు.

ఆమెకు ఒళ్లు మండింది. డెలివరీ వ్యాన్లు ఏ దారిలో వెళ్లాలో తేల్చే లెక్కను ఆమె మామూలు టెక్స్ట్ ఫైల్లోనే రాసింది. ఆ డాక్యుమెంట్‌లో నాలుగు మాటల వివరణ, దాని కింద ఓ కోడ్ బ్లాక్. మీట నొక్కితే జవాబు ఆ బ్లాక్ కిందే వచ్చి కూర్చుంటుంది. ఈ మధ్యాహ్నం డెమో బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంట్. లేదంటే ఇంటికే.

"ఇది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అండీ. ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే జవాబు. మీ మూడ్‌ని బట్టి మారదు."

"నా మూడ్ బాగానే ఉంది. ఎర్రర్లే వస్తున్నాయి."

"నా దగ్గర చక్కగా నడుస్తోంది, చూడండి!" అంటూ మీట నొక్కింది. జవాబు ఠక్కున వచ్చింది.

అతను తల గోక్కున్నాడు. "ఒక్కసారి సెషన్ మూసేసి, మళ్లీ తెరిచి, పైనుంచి నడపండి."

నడిపింది. తెర నిండా ఎర్రర్లు.

పొద్దున ఫైలు శుభ్రం చేస్తూ, దూరాలు లెక్కగట్టే ఫంక్షన్ ఉన్న బ్లాక్‌ను అక్కర్లేదనుకుని తీసేసింది. పాత సెషన్ మాత్రం, మూసేదాకా, దాన్ని జ్ఞాపకం ఉంచుకుని ఇంతసేపూ జవాబులిస్తూ వచ్చింది.

"అయిపోయింది. గంటలో డెమో," అంది.

"రాసింది మీరే కదా, మళ్లీ రాయండి. నేనిక్కడే కూర్చుంటా."

కూర్చున్నాడు. కీబోర్డు జోలికి పోలేదు. బయట వాన దంచుతోంది, ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు. ఆఖరి బ్లాక్ కొత్త సెషన్‌లో నడిచాక ఆమెకంటే ముందు అతనే ఊపిరి పీల్చుకున్నాడు.

డెమో గట్టెక్కింది. ఉద్యోగం పర్మనెంట్ అయింది.

మెట్ల దగ్గర ఆమె అతన్ని ఆపింది. "తప్పు చూపించి వెళ్లిపోతే మీ పనైపోయేదిగా. ఎందుకు కూర్చున్నారు?"

"మీ ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది."

"నాది పోతే మీకేంటి?"

"మీరు రోజూ కనబడాలి నాకు. మీరు చేరిన రోజునుంచీ మీరంటే ఇష్టం. ఇది రివ్యూ కామెంట్ కాదండీ, నిజంగానే చెబుతున్నా."

ఆమె నవ్వాపుకుంటూ ఫోన్ తీసి అక్కకు కలిపింది. "అక్కా, ఉద్యోగం ఖాయమైంది! రాత్రి భోజనానికి ఒకాయన్ని తీసుకురానా?"

"ఎవరే?"

"నా డాక్యుమెంట్ నడవదన్నాయన."

"మరి ఆయన్నెందుకే పిలుస్తున్నావ్?"

"నడిచేదాకా పక్కనే కూర్చున్నారక్కా."

అక్కకు విషయం అర్థమైంది. "అయితే తీసుకురా. మీ బావని కూడా త్వరగా రమ్మంటా, ఆయనా చూడాలిగా."