బటన్ మీద ప్లాస్టర్

మధ్యాహ్నం పన్నెండున్నర. వీధిలో సగం దుకాణాలవాళ్ళు భోజనాలకి వెళ్ళారు. సెల్‌ఫోన్లు బాగుచేసే మెకానిక్ మాత్రం బల్ల దగ్గరే ఉన్నాడు. కంటికి భూతద్దం, చేతిలో సన్న స్క్రూడ్రైవర్, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల భార్య.

"నీళ్ళ ఫిల్టర్ తెచ్చారా?"

"తెస్తాలే."

"నిన్నా తెస్తాలే అన్నారు. మొన్నా తెస్తాలే అన్నారు. ఇదంతా రికార్డవుతోంది, గుర్తుందిగా!"

"నేను పెట్టిన రికార్డర్ నా మీదకే తిప్పావు," అని మెకానిక్ నవ్వాడు. "ఉండు, కస్టమర్ వచ్చారు."

ఫోను బల్ల మీద పెట్టాడు. కాల్ కట్ చెయ్యలేదు. కస్టమర్ ఏదో అడిగారు. అతను తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. ఆ జవాబే అతని ప్రాణం తీసింది.

మెడ వెనక దోమ కుట్టినట్టనిపించింది. చెయ్యి పైకి లేచింది కానీ మెడ దాకా రాలేదు. కస్టమర్ పెన్నుకి క్యాప్ పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, వీధిలో కలిసిపోయారు. బల్ల మీద ఫోన్‌లో భార్య ఇంకో నిమిషం పాటు హలో, హలో అంటూనే ఉంది.

సాయంత్రం ఐదింటికి నాలుగో అంతస్తులో అత్యవసర బ్రీఫింగ్. గూఢచారి శాఖ ఆ గదికి బోర్డు పెట్టలేదు కానీ గుమ్మంలో ఒక ఇనుప పెట్టె పెట్టింది. లోపల దళసరి రేకు తొడుగు. అందులో పడ్డ ఫోన్‌కి సిగ్నల్ లోపలికి రాదు, బయటికి పోదు. లోపలికి వెళ్ళే ప్రతివాడూ ఫోన్ ఆఫ్ చేసి, దాన్ని అందులో వేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుమ్మం కాసే ముసలి గార్డుని అందరూ పెట్టె బాబాయి అంటారు. స్క్రీన్ నల్లగా ఉందా లేదా చూస్తాడు, పెట్టెలో పడేస్తాడు. అంతకు మించి ఆయనకి ఫోన్ల సంగతి తెలియదు.

ముందు సంతకం పెట్టినవాడు ఏజెంట్. శాఖలో అతని పేరు పట్టకారు. ఎంత చిన్న వస్తువునైనా చెయ్యి వణక్కుండా పట్టుకుంటాడని పెట్టిన పేరు. ఆ చేతిని తయారుచేసింది మధ్యాహ్నం చనిపోయిన మెకానిక్కే. పట్టకారుకి సొంత బావ, అక్క మొగుడు. శవాన్ని చూసి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఏడవడానికి టైమ్ దొరకలేదు.

తర్వాత సంతకం పెట్టింది కంపెనీ మేడమ్. ఫోన్లు తయారుచేసే కంపెనీలో సెక్యూరిటీ అధికారి. ఈ కేసు కోసం శాఖకి అరువొచ్చింది. ఆమె కారిడార్‌లో నడిస్తే టైపింగ్ సెక్షన్‌లో తప్పులు పెరిగేవి.

శాఖకి అధిపతి పెద్దసార్ తలుపు మూశాడు.

"సాఫ్ట్‌వేర్ పేరు 'విడుదల'. ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. కంపెనీ ఫోన్‌కి వేసిన తాళాలన్నీ ఊడగొడుతుంది. జనం ఎగబడి వేసుకున్నారు."

"వేసుకోక ఏం చేస్తారు సార్," అన్నాడు పట్టకారు. "బయట బ్యాటరీ వేస్తే పనిచెయ్యదు, బయట స్క్రీన్ వేస్తే పనిచెయ్యదు. కొన్నది మనం, పెత్తనం వాళ్ళది."

"భద్రత కోసమండీ," అంది మేడమ్, నవ్వుతూ.

"భద్రత సంగతి అలా ఉంచండి," అన్నాడు పెద్దసార్. "విడుదల తయారుచేసింది విదేశీ ముఠా. తాళం తీస్తూనే లోపల ఒక చెవి పెట్టి పోతోంది. మన అధికారుల ఇళ్ళల్లో మాటలన్నీ అవతలికి చేరుతున్నాయి. ఒక్కటే ఊరట. తాళం ఎవరు తీసినా సరే, ఫోన్ ఒక్కసారి ఆఫ్ అయి ఆన్ అయితే కంపెనీ తాళం మళ్ళీ పడుతుంది. మీ బావకి ఈ ముఠా గురించి ఏదో తెలిసింది. ఏంటది?"

"తెలీదు సార్. మొన్న ఫోన్ చేశాడు. 'కంపెనీవాళ్ళ ఫోనే నా బల్ల మీదకి వచ్చిందిరా, ఆదివారం భోజనానికి రా, అన్నీ చెప్తాను' అన్నాడు. కొత్త మోడల్ ఏదో అనుకున్నాను."

మేడమ్ తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

"కానీ హంతకుడి గొంతు ఉంది సార్. అక్క ఫోన్‌లో. కాల్ రికార్డింగ్ కంపెనీ ఒప్పుకోదని బావ తన సొంత పద్ధతిలో దాని తాళం తీసి రికార్డర్ పెట్టాడు. ఆఖరి కాల్ అంతా అందులో ఉంది. ఫోన్ ఆఫ్ అయితే ఆ రికార్డర్ ఇక తెరుచుకోదు."

"మీ అక్క ఆ రికార్డింగ్ విన్నదా?"

"లేదు సార్. కాల్‌లో మాటలు దూరంగా, అస్పష్టంగా వినపడ్డాయట. వారంగా కూతురి ఇంట్లో ఉంది, ఇక్కడికి రెండున్నర గంటల ప్రయాణం. ఆయన పడిపోయిన చప్పుడు ఇంకోసారి వినమంటావారా అని ఏడ్చింది. ఫైల్ పంపమందామంటే ఆ రికార్డర్‌లోంచి బయటికి రాదు. ఇక్కడ స్పీకర్లో పెట్టి వినాల్సిందే."

పెద్దసార్ గడియారం చూశాడు. "మన గ్యారేజీలో బూడిదరంగు వ్యాన్ రేపు తెల్లారగానే బయల్దేరుతుంది. మీ అక్కని, ఫోన్‌ని తీసుకుని పదకొండుంబావుకి మన గేట్లోకి వస్తుంది. కోడ్ మాట, గొడుగు తడిసింది. ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు."

ముగ్గురిలో ఒకరు ఎక్కువ.

మర్నాడు పదకొండు దాటింది. అదే గది, అదే ముగ్గురు. ఫోన్లు పెట్టెలో ఉన్నాయి. టేబుల్ మీద వైర్‌లెస్ గరగరలాడింది.

"గొడుగు తడిసింది."

"రెండు నిమిషాల్లో గేటు దగ్గరుంటారు," అన్నాడు పెద్దసార్.

మేడమ్ లేచింది. "ఆఫీసుకి ఒక్క కాల్ చేసి వస్తాను."

 అక్క మొహం ఎలా చూడాలో తెలియక మంచినీళ్ళకని పట్టకారు కూడా బయటికి వచ్చాడు. గుమ్మంలో పెట్టె బాబాయి ఆమె ఫోన్ తీసి చేతికిచ్చాడు. ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టింది. వెంటనే వెలిగింది. మెట్ల వైపు నడుస్తూ టకటకా ఏదో నొక్కింది.

"అమ్మా, సంతకం!" అని బాబాయి కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు.

గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఆఫ్ చేసిన ఫోన్ లేవడానికి అర నిమిషం పడుతుంది. ముందు కంపెనీ లోగో వస్తుంది. లోగో రాలేదంటే ఆమె ఆఫ్ చెయ్యలేదు. స్క్రీన్ మాత్రం ఆర్పి బాబాయికి చూపించింది. ఎందుకు? ఆఫ్ చేస్తే తాళం మళ్ళీ పడుతుంది కాబట్టి. కంపెనీలో సెక్యూరిటీ అధికారి, తాళం తీసిన ఫోన్!

ఇంకొకటి కూడా కనిపించింది. ఫోన్ పక్కన ఉన్న పవర్ బటన్ మీద గోధుమరంగు గుడ్డ ప్లాస్టర్ ముక్క. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉంది. పొరపాటున ఎవరూ ఆఫ్ చెయ్యకుండా తాళం తీసిన ప్రతి ఫోన్‌కీ బావ అలాగే అంటించేవాడు. మూలలు గుండ్రంగా లేకపోతే ఊడొస్తాయిరా అనేవాడు. కంపెనీవాళ్ళ ఫోను అంటే కొత్త మోడల్ కాదు, ఈమె ఫోను.

గ్లాసు వదిలేసి మెట్లు దిగాడు. మూడు, రెండు. మొదటి అంతస్తు మలుపులో కిటికీ దగ్గర నిలబడి ఉంది మేడమ్. కింద గేటు. గేటు బయట ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బూడిదరంగు వ్యాన్.

"మీ ఫోన్ ఆఫ్ చెయ్యలేదు మేడమ్."

"చేశానే."

"లోగో రాలేదు."

ఆమె ఇంక నటించదలుచుకోలేదు. "ఈ బిల్డింగ్ గేటు దాటి రిమోట్ తేలేం. వైరు ముక్క కనిపించినా పట్టేస్తారు. ఫోన్ మాత్రం తేవచ్చు. దారిలో మావాళ్ళు వ్యాన్ కింద పెట్టిన బాంబుతో నేరుగా మాట్లాడాలంటే దీని తాళం ఊడాలి. ఈమధ్య కిందపడి స్క్రీన్ పగిలింది, ఆఫ్ అయి తాళం మళ్ళీ పడింది. పగిలిన స్క్రీన్‌తో విడుదల మళ్ళీ ఎక్కించడం మావాళ్ళ వల్ల కాలేదు. మీ బావ ఒక్కపూటలో బాగుచేశాడు. మంచి పనివాడు. కాకపోతే లోపల ఏముందో కూడా చూశాడు."

బొటనవేలు దించింది. స్క్రీన్ మీద ముప్ఫై పడింది. ఇరవై తొమ్మిది.

పట్టకారు ఆమె మణికట్టు మెలిపెట్టి ఫోన్ లాక్కున్నాడు. ఇరవై నాలుగు.

"నా వేలిముద్ర లేకుండా ఆగదు," అంటూ ఆమె వెనక్కి ఎగిరింది. చేతిలో పెన్ను. క్యాప్ తీసి ఉంది.

నేలకేసి కొడితే అద్దమే పగులుతుంది, లోపల లెక్క ఆగదు. పరిగెత్తి ఇనుప పెట్టెలో పడేద్దామంటే పెట్టె మూడంతస్తుల పైన ఉంది. మిగిలింది బావ మొదటిరోజు నేర్పిన పాఠం. ఏ ఫోనైనా పవర్, సౌండ్ బటన్లు రెండూ కలిపి పది సెకన్లు నొక్కితే చచ్చి మళ్ళీ పుడుతుంది. నొక్కాక వదలకూడదు, లోగో వచ్చేదాకా.

నొక్కాడు. పవర్ బటన్ లోపలికి పోలేదు. ప్లాస్టర్ కింద అట్టముక్క. బావ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. భార్య ప్రాణాలకి అడ్డంగా తనే బిగించి పోయాడని ఆయనకేం తెలుసు?

గోరుతో గీకాడు. రాలేదు. మూలలు గుండ్రంగా ఉన్నాయి. పళ్ళతో పట్టి లాగాడు. ఒక పొర వచ్చింది. పదిహేడు. కింద ఇంకో పొర ఉంది. కిటికీలోంచి వ్యాన్ కదలడం కనిపించింది. ముందు సీటుకి ఆనుకుని అక్క తల. పద్నాలుగు. "బావా, వదులు బావా," అన్నాడు పట్టకారు పైకే. రెండో పొర చర్మంతో సహా పెదవిని చీల్చుకుంటూ వచ్చింది. అట్టముక్క రాలింది. పదకొండు.

రెండు బటన్లూ నొక్కి పట్టాడు. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ లేవు. ఆ సంగతి మేడమ్‌కీ తెలుసు. పెన్ను మెడ వైపు దూసుకొచ్చింది.

టప్ మని చప్పుడైంది.

మధ్యలో రిజిస్టర్ ఉంది. అట్టతో కలిపి నాలుగంగుళాల మందం. దాని వెనక, మూడంతస్తులు దిగి ఆయాసపడుతున్న పెట్టె బాబాయి.

"సంతకం పెట్టకుండా... ఫోన్ తీసుకెళ్ళడం... రూల్ కాదమ్మా."

విషపు సూది కాగితాల్లో ఇరుక్కుపోయింది. ఆమె లాగే లోపు బాబాయి రిజిస్టర్‌తో సహా ఆమె మీద పడిపోయాడు. నాలుగు. మూడు. వ్యాన్ గేట్లోకి తిరిగింది. రెండు. పట్టకారు వేళ్ళు తిమ్మిరెక్కాయి, వదల్లేదు. ఒకటి దగ్గర స్క్రీన్ నల్లబడింది.

కింద వ్యాన్ ఆగింది. తలుపు తెరుచుకుంది. అక్క కాలు కింద పెట్టింది. పట్టకారు చేతిలో కంపెనీ లోగో మెల్లగా వెలిగింది. దాన్ని చూసి అంత సంతోషపడ్డ మనిషి కంపెనీ ప్రకటనల్లో కూడా ఉండడు.

మధ్యాహ్నం రికార్డింగ్ విన్నారు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. గదిలో పెద్దసార్, పట్టకారు, మధ్యలో స్పీకర్. ఫిల్టర్ గురించి గొడవ. నవ్వు. ఉండు, కస్టమర్ వచ్చారు. తర్వాత మేడమ్ గొంతు, మెత్తగా.

"నా ఫోన్ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదండీ. ఆదివారం మా బావమరిది వస్తాడు."

అంతే. తర్వాత కుర్చీ పడిన చప్పుడు, ఒక నిమిషం పాటు అక్క హలోలు.

పట్టకారు ఇంక ఆపుకోలేకపోయాడు. "ఆ రోజే వెళ్ళాల్సింది సార్. రమ్మన్న రోజు దాకా ఆగాను." పెద్దసార్ స్పీకర్ ఆపి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఓదార్చడం ఆయనకి చేతకాదు.

ముఠాలో తొమ్మిది మంది దొరికారు. శాఖ ఆర్డర్ వేసింది. తాళం తీసిన ప్రతి ఫోన్ ఆఫ్ చేసి స్వాధీనం చేసుకోవాలి, మినహాయింపు లేదు. పట్టకారు ఆ కాగితం అక్కకి చూపించాడు. ఆమె ఫోన్‌ని రెండు చేతుల్లోనూ పట్టుకుంది.

"ఇందులో మూడొందల నలభై కాల్స్ ఉన్నాయిరా. సగం నా తిట్లే. ఒక్కదాంట్లో కూడా ఆయన తిరిగి తిట్టలేదు. ఇది ఆఫ్ చేస్తే ఆయన గొంతు నాకెక్కడిది?"

"అన్నీ టేపుకి ఎక్కించాలంటే నలభై గంటలు పడుతుందక్కా."

"పట్టనీ."

పట్టకారు ప్లాస్టర్ అడిగి తెచ్చాడు. కత్తెరతో నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాడు. కింద అట్టముక్క పెట్టి, రెండు పొరలు అంటించాడు.

అప్పటినుంచి పెట్టె బాబాయి బాగా ముదిరిపోయాడు. ఎవరి ఫోనైనా తనే నొక్కి పట్టి, చచ్చిందని నమ్మకం కుదిరాకే పెట్టెలో వేస్తున్నాడు. పెద్దసార్‌దైనా సరే. రోజూ మధ్యాహ్నం ఒకావిడ వచ్చి, గుమ్మం పక్క గదిలో టేప్ రికార్డర్ ముందు రెండు గంటలు కూర్చుని వెళ్తోంది.

వారం తర్వాత పెద్దసార్ తనిఖీకి వచ్చాడు. పెట్టె మూత ఎత్తాడు. అడుగున, చిన్న కన్నంలోంచి వచ్చిన ఛార్జర్ వైరుకి తగిలించి ఒక పాత ఫోన్ ఉంది. బటన్ మీద గోధుమరంగు ప్లాస్టర్. పెద్దసార్ దాన్ని చాలాసేపు చూశాడు.

"బాబాయ్, ఇది ఆఫ్ చేసే ఉందా?"

పెట్టె బాబాయి రిజిస్టర్ లోంచి తల ఎత్తలేదు.

"స్క్రీన్ నల్లగానే ఉందండీ."