హీటు ముల్లు

వినండప్పా, నేను మల్లికార్జున, తాడిపత్రి నుంచి. పాత కార్లలో మీటర్లు తప్పు చూపిస్తే యాడ చూడాల అని మన మెకానిక్కుల గ్రూపులో మొన్న ఎవరో అడిగినారు గదా. చెప్తా. దాంతోపాటే ఇంకోటి కూడా చెప్పాల, లోపల పెట్టుకోలేకపోతాండా.

పోయిన ఆదివారం శింగనమల దిక్కు నుంచి ఈశ్వరప్ప అనే ఆయన పాత అంబాసిడరు తెచ్చినాడు. వాళ్ల నాయన రామప్ప కారంట. ఎండాకాలంలో ముసలాయనకు జ్వరమొస్తే, ఎనక సీట్లో పండబెట్టుకోని ఆసుపత్రికి బయల్దేరినాడు. నడిమధ్యలో ఇంజిను హీటు ముల్లు ఎర్రగీత కాడికి పోయిందంట. చుట్టూ బీడు. చెట్టు లేదు, బోరు లేదు. ఉండేది ఒక్క క్యాను నీళ్లు. నాయనేమో నీళ్లు నీళ్లని అడుగుతాండాడు. ఇంజిను పట్టేస్తే ఆసుపత్రే చేరమని భయపడి, మూత తీస్తే మొగం కాలుతాదని, క్యాను మొత్తం రేడియేటరు పైనే గుమ్మరించినాడు. బుస్సుమని ఆవిరి లేసిందంట. ఈయన తిరిగొచ్చి డోరు తీసేసరికి నాయన పానం పోయిందంట.

"ఆ ముల్లు నిజం చెప్పిందో, అబద్ధం చెప్పిందో చూడన్నా. అంతే," అన్నాడు.

ఆదివారం గదా, చుట్టుపక్కల బండలు కోసే మిషన్లన్నీ ఆపేసినారు. షెడ్డంతా నిశ్శబ్దం. పొద్దు వాలతాండాది. ఇంజిను ఆపి, తాళం తిప్పి చూసినా. ట్యాంకులో డీజిలు సగమే ఉండాది, ముల్లేమో నిండుగా ఉన్నట్టు చూపిస్తాండాది. హీటు ముల్లూ అంతే, పైకి పోయింది. రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తే మీటర్ల తప్పు కాదప్పా. డ్యాష్‌బోర్డు ఎనక చిన్న రేకు డబ్బీ ఉంటాది, స్టెబిలైజరు. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టుల్ని పదికి తగ్గించి రెండు మీటర్లకూ పంపుతాది. దానికి ఎర్తు అందకపోతే పన్నెండూ నేరుగా పోతాయి, ముళ్లు పైకి లేస్తాయి. టార్చి ఏసి చూస్తే, డబ్బీని బాడీకి బిగించే ఎర్తు స్క్రూ తుప్పు పట్టిపోయింది, పాత తుప్పు. గీకి బిగించినా. రెండు ముళ్లూ మెల్లగా దిగినాయి.

అంటే ఆ దినం ఇంజిను బాగానే ఉండాది. ఆ నీళ్లు ఆ ముసలాయన గొంతులో పోయాల్సినవి.

ముందు డోరు కాడ నిల్చున్న ఈశ్వరప్పకు ఆ మాట చెప్పబుద్ధి కాలా. "ముల్లు నిజమే చెప్పిందప్పా. నువ్వు చేసింది సరైందే," అన్నా.

హీటు ముల్లు కదిలింది.

డీజిలు ముల్లు కదల్లా. హీటు ముల్లొక్కటే పైకి పోతాండాది. తాళం తీసేసినా... ఎక్కతాండాది. డబ్బీ వైరు పీకినా... ఎక్కతాండాది. బ్యాటరీ టెర్మినలు ఊడదీసొచ్చి చూసినా. ఎర్రగీత తాకి నిలబడింది. ఇంజిను ఆపి గంట దాటింది, రేడియేటరు మీద చెయ్యి పెడితే కుండలాగా సల్లగా ఉండాది.

అప్పుడొచ్చింది వాసన. ఎండకు కాగిన రెగ్జిను వాసన, దాంట్లో జ్వరమొచ్చిన మనిషి చెమట వాసన. ఎనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవురో ఒత్తిగిల్లినట్టు.

"అప్పా... ఇంజిను సల్లగానే ఉండాది గదప్పా..."

ఎనక సీట్లోనుంచి, ఎండిపోయిన ముసలి గొంతు. నాలిక అంగిట్లో అతుక్కోని, ఊడి, మళ్లా అతుక్కున్నట్టు.

ఈశ్వరప్ప ఎనక్కు తిరగలా. నా మొగమే చూస్తాండాడు. "నువ్వు చెప్పన్నా," అన్నాడు మెల్లగా. చెప్పేసినా. తుప్పు, ఎర్తు, అన్నీ.

ఆయన ఏడవలా. నేను తాగేదానికి పెట్టుకున్న నీళ్ల క్యాను ఎత్తుకున్నాడు. ఎనక డోరు తీసినాడు. ఖాళీ సీటు మీద తలకాయ ఆనే చోట, మెల్లగా, పసిబిడ్డకు పోసినట్టు పోసినాడు.

గుటక... ఇంకో గుటక...

నిండు క్యాను అప్పా. సీటు తడవలా. కింద చుక్క పడలా. ముల్లు దిగిపోయింది.

ఈశ్వరప్ప బస్టాండుకు నడిచి పోయినాడు. ఫోను చేస్తే ఎత్తడంల్యా. కారు నా షెడ్డులోనే ఉండాది.

ఇయ్యాల పొద్దున చూస్తే హీటు మీటరు అద్దం మసకేసింది. గుడ్డ పెట్టి తుడిచినా. పోలా. తేమ లోపలి దిక్కు పట్టింది. టార్చి ఏసినా. ఆ తేమలో వెడల్పుగా ఒక దోవ పడింది, కింద నుంచి పైకి... లోపల్నుంచి ఎవురో అద్దాన్ని నాకినట్టు.