ఐర్వెన్ ఓటు

ఆ శనివారం లౌరి చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. వాన రాకముందే ఉతికిన బట్టలు ఆరెయ్యాలి. సోమవారం ఆసుపత్రికి వేసుకెళ్లే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయాలి. అమ్మ డ్యూటీకి బయల్దేరేలోపు శాండ్‌విచ్‌లు డబ్బాలో సర్దాలి. టీకాల కోసం క్లినిక్కుకి ఫోన్ చేయాలి. కాఠ్మండూ దగ్గర, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లని మళ్లీ నిలబెట్టే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. వస్తున్నదీ లేనిదీ ఆవిడకి రాయాలి. వీటన్నిటికన్నా ముందు, పోటీవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ చదవాలి.

ముందు చేయాల్సిన ఆ పనిని లౌరి వెనక్కి నెట్టింది. భయం.

లౌరి ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆఖరి ఏడాదిలో విద్యార్థులు, ఇష్టమైతే, కొన్ని వారాలు పైదేశపు ఆసుపత్రిలో పని నేర్చుకోవచ్చు. ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే. ఇంట్లో అంత స్తోమత లేనివాళ్ల కోసం కొన్ని పోటీలు ఉంటాయి. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెబుతూ చిన్న వీడియో పంపాలి. న్యాయనిర్ణేతలు కొందర్ని ఏరుతారు. ఆపైన జనం ఓట్లు. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ల ప్రయాణం ఖర్చంతా పోటీవాళ్లే పెట్టుకుంటారు. ఏరినవాళ్లలో లౌరి ఉంది. ఓట్లలోనూ ఎవరూ అనుకోనంత ముందుంది. వేల్స్‌లోని రోండా లోయలో, ఆ ఇంట్లో ఆమెకి ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు.

బట్టలు ఆరేసి వచ్చి, వంటగది బల్ల దగ్గర నిలబడే మెయిల్ తెరిచింది. ఒకసారి చదివి అర్థం కాక మళ్లీ చదివింది. ఆమె ఓట్లలో చాలావాటిని గురువారం సాయంత్రం ఒకే టాబ్లెట్ మీద వేశారట. వేసినవాళ్లంతా వేర్వేరు మనుషులే అని, ఎవరి ఓటు వాళ్లే ఇష్టపూర్వకంగా వేసుకున్నారని ఆమె రాసిస్తే ఓట్లు నిలుస్తాయి. వాటిలో ఒక్కటి తప్పని తేలినా ఆ టాబ్లెట్ ఓట్లన్నీ కొట్టేస్తారు.

"నాన్నా, గురువారం నీ టాబ్లెట్ ఎక్కడుంది?"

పొయ్యి దగ్గర బేకన్ తిరగేస్తున్న గెథిన్ వెనక్కి తిరగలేదు. "నాతోనే, క్లబ్బులో. ఏం, గీత పడిందా?"

"దాంతో ఏం చేశావ్?"

"నీకు ఓట్లు వేయించాను!" గెథిన్ గరిటె పైకెత్తి ఇటు తిరిగాడు. ముప్పై ఏళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి, లోయలో అతనికి తెలియని ముఖం లేదు. "నీకు చెప్పకూడదనుకున్నాను. ఫలితాలొచ్చాక చెబుదామని."

"క్లబ్బులో నా కోసం చందాల పళ్లెం తిప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను కదా!"

"పళ్లెం తిప్పలేదమ్మా. టాబ్లెట్ తిప్పాను."

గురువారం అంటే కార్మికుల క్లబ్బులో మాంసం లాటరీ రోజు. మాంసం ముక్కలూ సాసేజ్‌లూ ఒక కోడీ పేర్చిన పళ్లెం కోసం ముసలీ ముతకా అంతా చేరతారు. టిక్కెట్లు అమ్మేది గెథినే. టిక్కెట్లతో పాటు బల్లబల్లకీ టాబ్లెట్ కూడా పట్టుకెళ్లాడు.

"సగంమందికి ఫోన్లు లేవు, ఉన్నవాళ్లు కళ్లద్దాలు తెచ్చుకోరు," అన్నాడు. "ఒక్కొక్కరి పేరూ నేనే కొట్టి, వాళ్ల వేలితోనే నొక్కించాను. బలవంతం ఏమీ లేదు. ట్రెవర్, 'నీ కూతురు నా మోకాలు చూసి బీరు తగ్గించమంది, వెయ్యను పో' అన్నాడు. సరేనని వదిలేశాను. ఇంత నిజాయితీగా దేశంలో ఏ ఎన్నికా జరగదు."

లౌరికి గుండె కాస్త కుదుటపడింది. నవ్వు కూడా వచ్చింది. "అయితే అందరూ నిజం మనుషులేనన్నమాట. అదే రాసేస్తాను."

"రాసెయ్. గ్లెనిస్, ఆవిడ చెల్లెలు, డార్ట్స్ ఆడేవాళ్లంతా, ఎమ్లిన్ రెండు..."

"రెండేంటి?"

"తనదొకటి, వాళ్లావిడ ఐర్వెన్‌దొకటి."

శాండ్‌విచ్ డబ్బా మూత పెడుతున్న అమ్మ డెలిత్ చేతులు ఆగిపోయాయి. "గెథిన్!" అంది.

"ఏమైంది? లాటరీకి కూడా ఇద్దరి పేర్నా టిక్కెట్లు కొంటాడుగా. ఎవరైనా వద్దన్నారా? పోయిన క్రిస్మస్‌కి ఆవిడ టిక్కెట్టుకే కోడి తగిలింది. అందరం చప్పట్లు కొట్టాం."

"నాన్నా, ఆవిడ పోయింది!"

"నాకు తెలీదూ? ఆవిడ శవపేటిక మోసినవాణ్ని."

లౌరి కుర్చీలో కూలబడింది. "అది దొంగ ఓటు నాన్నా."

"దొంగ ఓటా? ఎమ్లిన్‌ని దొంగంటావా?"

"నేనన్లేదు. కానీ అంతా నిజం మనుషులే అని నన్ను రాసిమ్మంటున్నారు."

"ఐర్వెన్ నిజం మనిషి కాదా?"

అబద్ధమాడమని తండ్రి అడగడం లేదు. అసలు అది అబద్ధమనే అతనికి అనిపించడం లేదు. ఒక్క క్షణం ఆమెకీ అనిపించలేదు. ఆ క్షణమే ఆమెను భయపెట్టింది.

"రేపు రోగి గురించి నేనేం రాస్తే అది నమ్మి మందులు మారుస్తారు," అంది, గొంతు పెరుగుతుండగా. "లేనిది ఉన్నట్టు రాసే అలవాటు ఇవాళ మొదలెట్టమంటావా? నేనెక్కడా ఒక్క మార్కు కాపీ కొట్టలేదు. నువ్వు నన్ను దొంగని చేశావ్!"

గెథిన్ ముఖం పాలిపోయింది. గరిటె కింద పెట్టి, కోటు తగిలించుకుని, బయటికి వెళ్లిపోయాడు. పెనం మీద బేకన్ మాడిపోయింది.

డెలిత్ పొయ్యి ఆర్పింది. ఆమె వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. ముసలివాళ్ల మనసులు ఆమెకి బాగా తెలుసు. "నీ పేరు నువ్వు కాపాడుకోవాల్సిందే," అంది. "కానీ ఆ పెద్దాయన పేరు పాడవనీకు."

"రెండూ ఎలా కుదురుతాయమ్మా?"

"తెలీదు తల్లీ. నేనేమన్నా చదువుకున్నానా?" అని బస్సుకి వేళైందంటూ పరుగెత్తింది.

నిజం రాస్తే నేపాల్ పోతుంది, ఎమ్లిన్ తాత పేరు పోటీవాళ్ల నోళ్లలో పడుతుంది. రాయకపోతే తనమీద తనకే నమ్మకం పోతుంది. ఎటు తిరిగినా తప్పు చేస్తున్నట్టే ఉంది. ఆ అయోమయంలోనే లౌరి లేచి, అదే వీధి చివర ఉన్న ఎమ్లిన్ ఇంటికి నడిచింది.

ఎమ్లిన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆమెను చూడగానే, "గెలిచామా?" అన్నాడు.

"ఇంకా లేదు తాతా. ఐర్వెన్ మామ్మ పేరున ఓటెందుకు వేశారు?"

ఆ ప్రశ్నే వింతగా తోచినట్టు చూశాడు. "వెయ్యదేంటి మరి? నీ మొదటి పేషెంటు ఆవిడే కదా. నువ్వు కాలేజీలో చేరిన కొత్త. ఆవిడకి పక్షవాతమొచ్చి ఒక పక్కంతా పడిపోయిందాయె. సాయంత్రాలొచ్చి మంచం అంచున కూర్చోబెట్టి, మళ్లీ లేవండి, మళ్లీ లేవండి అని ఆవిడ ప్రాణం తీసేదానివి. ఒకసారి నీ పట్టు జారి ఇద్దరూ కింద పడ్డారు."

"మీకు చెప్పొద్దని నాతో అందే!"

"నాకు చెప్పకుండా ఉంటుందా? పడీ పడీ నవ్వింది. 'నేర్చుకోనీ ఎమ్లిన్, ఎవరో ఒకరి మీద నేర్చుకోవాలిగా' అంది." ఎమ్లిన్ కత్తి పక్కన పెట్టాడు. "నీ వీడియో చూశాను. బాగా మాట్లాడావు. నాకేం అర్థం కాలేదనుకో. ఐర్వెన్ మాటేమైనా వస్తుందేమోనని చివరిదాకా చూశాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే లౌరి తట్టుకునేదేమో. ప్రపంచ ఆరోగ్యం గురించీ, అందరికీ అందాల్సిన చికిత్స గురించీ ఆ వీడియోలో పెద్ద పెద్ద మాటలు మాట్లాడింది. ఆ పని తన చేతులకి వచ్చింది ఎవరి దయవల్లో ఒక్క ముక్క చెప్పలేదు. క్లబ్బూ, లాటరీ, ఈ వీధీ ఏవీ తన మాటల్లో కనిపించకూడదని జాగ్రత్తపడింది. ఈ వీధి మాత్రం చచ్చినవాళ్లతో సహా వచ్చి తనకి ఓటేసింది. దుంపల తొక్కల మీదకి వంగి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమైందో తెలియక కంగారుపడి, ఎమ్లిన్ ఆమెకి గిన్నెలు తుడిచే గుడ్డ అందించాడు.

చివరికి ఉన్నదంతా ఆయనకి చెప్పింది. అంతా విని, "చెప్పెయ్ తల్లీ," అన్నాడు. "నేనే వేశానని చెప్పు. ఎందుకు వేశానో కూడా చెప్పు. ఎందుకో మానేసి, వేశానని మాత్రం చెప్పకు."

అక్కడినుంచే ఫోన్ చేసింది. పోటీ చూసుకునే రోజలిండ్ ఓపిగ్గా విన్నది. ఐర్వెన్ గురించి మొదలుపెట్టిన లౌరి మంచం అంచు నుంచి కింద పడడం దాకా ఆగలేకపోయింది. రోజలిండ్ మెల్లగా, మీరు మోసం చేయలేదని నమ్ముతున్నామనీ, కాలేజీకి ఏమీ రాయబోమనీ, అయినా ఆ టాబ్లెట్ ఓట్లన్నీ కొట్టేయక తప్పదనీ చెప్పింది. ఆ ఓట్లు పోతే గెలిచే ఆశ లేదని లౌరికి తెలుసు.

ఇంటికొచ్చేసరికి గెథిన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెబితే విని, "నావల్లే పోయింది," అన్నాడు, తలెత్తకుండానే.

"అవును నాన్నా, నీవల్లే," అంటూ పక్కన కూర్చుని అతని భుజానికి తల ఆనించింది. "నిన్ను అలా అన్నది మాత్రం నా తప్పు."

"రాసిచ్చుంటే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసేది."

గెథిన్ అర్థమైనట్టూ కానట్టూ తలూపాడు. "అయినా ఆవిడ ఓటు చెల్లదనడం ఏంటో, నాకింకా తలకెక్కట్లేదు."

"నాకూ ఎక్కట్లేదులే," అంది లౌరి. ఆ మాట నిజమే.

కాఠ్మండూ డాక్టరమ్మకి రాలేనని రాసింది. ఆ వారాలు లోయ మొదట్లో ఉన్న ఆసుపత్రిలో, పక్షవాతం వార్డులో పనిచేసింది. నేపాల్ ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

చదివినవాళ్లకి ఒక్క మనవి. మీరో, మీవాళ్లో ఎప్పుడైనా ఎవరి చెయ్యో పట్టుకుని మళ్లీ నడిచి ఉంటే, ఆ చేతికి పని రాకముందు ఎవరో ఒకరు తమ ఒళ్లు అప్పగించి, కిందపడి, నవ్వి, నేర్పి ఉంటారు. వాళ్ల పేరు మీకు తెలియకపోతే ఐర్వెన్ అనుకుని ఒకసారి తలుచుకోండి.